డిస్కు నడుమ మాటలు

అమావాస్య

మంచినీళ్ళు తెచ్చే పడవతో పాటు ఈ వేళ ఒడ్డు నుంచి ఒక కాగితపు చుట్ట వచ్చింది. చుట్ట నిండా గుండ్రటి అంటు కాగితాలు. ఒక్కోదాని మీద ఒక్కో పొడుగాటి అంకె. వాటితో పాటు ఒక ఉత్తర్వు. ఓడల్లో ఇళ్ళ దగ్గర గొంతులు ఎక్కించి కాల్చుకున్న డిస్కులన్నిటికీ ఈ అంకెలు అంటించాలట. అంకె లేనిదాన్ని ఎవరిదో తెలియని చెత్త కింద జమకడతారట. పున్నమి పోటుకి తనిఖీ పడవ వస్తుంది, ఆ చెత్తను ఓడ మీదే పిండి చేస్తుంది.

కూర్మమ్మ టీచరు ఉత్తర్వు చదివి, మడిచి నా చేతిలో పెట్టింది.

"పైడీ, డిస్కులు కాల్చేది నువ్వే కదా. గుర్తులు ఎలా పెట్టాలో కూడా నువ్వే తేల్చు. ఏ రోజు ఏం చేశావో రాస్తూ ఉండు. మాటలంటే ఇష్టమని తిరుగుతున్నావు, ఎంత ఇష్టమో చూద్దాం."

టీచరు దగ్గర ఒక నిఘంటువు ఉంది. దానికి ముందు అట్ట లేదు. 'అ'తో మొదలయ్యే మాటల్లో సగం ఉప్పునీళ్ళు తినేశాయి. ఈ మధ్యే దాన్ని ముట్టుకోవడానికి నాకు అనుమతి దొరికింది. రోజుకో మాట ఏరుకుంటున్నాను. ఈ వేళ దొరికిన మాట 'ససేమిరా'. ఒప్పుకోనని చెప్పడానికి ఇంత నిగనిగలాడే మాట ఒకటి ఉందని ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదు. చేపల తాళ్ళు తిప్పుతున్నంతసేపూ అనుకుంటూనే ఉన్నాను.

విదియ

డిస్కులన్నీ పోగేసి చూశాను. ఇన్నాళ్ళూ మేం వాటి మీద ఏమీ రాయలేదు. కాగితపు తొడుగుల్లో పెట్టి, తొడుగు మీద ఏదో ఒక బొమ్మ గీసుకునేవాళ్ళం. మేం కాపురముండే ఇనపవాడ పాత సరుకుల ఓడ. అల పెద్దదైతే ఇల్లంతా పక్కకి ఒరుగుతుంది. అప్పుడు డిస్కులు తొడుగుల్లోంచి జారి, ఒకదాని ఇంట్లోకి ఇంకొకటి దూరతాయి. పోయిన వానాకాలంలో తాతీలు మావ నాన్న డిస్కు పొరపాటున వంటగది వరసలో వాళ్ళింటికి వెళ్ళింది. ఆ పెద్దాయన బతికినన్నాళ్ళూ దగ్గుతూనే మాట్లాడాడు. వాళ్ళు దాన్ని మొదటి నుంచి చివరి దాకా మర్యాదగా విని, "మంచి దగ్గు" అని తిరిగి ఇచ్చారు.

పేర్లు రాసేస్తే సరిపోయేది. కానీ మా ఓడలో పోయినవాళ్ళ పేరు ఎవరూ రాయరు. మనిషి పోయినట్టు తెలియగానే ఒడ్డు వాళ్ళు ముందు పేరు రాసుకుంటారు, తరవాత నీళ్ళ వంతులోంచి కొట్టేస్తారు. ఏడాది తిరిగాక, తీగలో మాట్లాడిన మాటలుగా ఒడ్డు గిడ్డంగిలో నిలవ ఉన్న ఆ మనిషి గొంతును కూడా తుడిచేస్తారు. అక్కడ చోటు చాలదట. అలా మా వాళ్ళకి పేరు రాయడమంటే కొట్టేయడానికే అని మనసులో పడిపోయింది. ఒడ్డు మనుషుల ముందు ఆ పేరు పలకరు కూడా.

గొంతు తుడిచేలోగా మేం దాన్ని గిడ్డంగి తీగలోంచి దించుకుని డిస్కు కాలుస్తాం. ఒక గొంతును ఒక్కసారే దించుకోనిస్తారు. ఖాళీ డిస్కులకు కొదవ లేదు. మా ఓడ ఆఖరిసారి మోసిన సరుకులో అవి ఒక పెద్ద ఇనప పెట్టె నిండా ఉన్నాయి, ఎవరూ వచ్చి విడిపించుకోలేదు. కొదవంతా యంత్రానికే. ఉన్నది ఒక్కటే. దాని జ్ఞాపకాన్ని ఒడ్డు వాళ్ళు ఎప్పుడో పీకేశారు. గొంతు వస్తుంటే కాలుస్తుంది, డిస్కు పెడితే పాడుతుంది, అంతే. ఒక డిస్కులోంచి ఇంకో డిస్కులోకి ఎత్తి రాయడం దానికి చేతకాదు.

అందుకే మా వరసలో ఉండే దాలమ్మత్త కూతురి డిస్కు నేను చూసుకోవలసిన వాటన్నిటిలోకీ బరువైనది. ఆ అమ్మాయి నాకంటే మూడేళ్ళు పెద్దది. ఈ యంత్రం వాడడం నాకు నేర్పింది తనే. గాలివానలో పక్క ఓడకి మందులు చేరవేయడానికి వెళ్ళి తిరిగి రాలేదు. తన గొంతును గిడ్డంగిలో పోయిన నెల తుడిచేశారు. ఇప్పుడది ఈ లోకంలో ఒక్క డిస్కులోనే ఉంది.

చవితి

ఒడ్డు పంపిన అంకె కాగితాన్ని పరీక్షించాను. ఇంకొకళ్ళ డిస్కుతో పరీక్ష చేయడానికి మనసొప్పలేదు. నేను నిఘంటువులోంచి ఏరుకున్న మాటలన్నీ పైకి చదివి కాల్చుకున్న నా సొంత డిస్కు తీశాను. దానికి కాగితం నీటుగా, గాలి బుడగ లేకుండా అంటించాను. ఒక పగలు బయట పెట్టాను. మా ఓడ మీద తేమ ఎలాంటిదంటే, అప్పడం పళ్ళెంలోంచి నోటి దాకా వచ్చేలోపు మెత్తబడుతుంది. సాయంత్రానికి కాగితం ఒక అంచున ఉబ్బింది.

యంత్రంలో పెట్టాను. మొదట సణుగుడు, తరవాత గడగడ. టక్కుమని పేలింది. మూత తీస్తే లోపలంతా ముక్కలు. కాగితం ఒక పక్క బరువెక్కితే, అంత జోరుగా తిరిగే డిస్కు తనను తానే చీల్చుకుంటుంది.

ముక్కలు ఏరుతుంటే తాతీలు మావ వచ్చాడు. ఇంజను గదిలో పని ఆయనది. ఏడుస్తున్నాననుకున్నాడు.

"ఏటే గుంటా, ఏటి పేలిపోనాది?"

"నా మాటలు, మావా."

"నీకు మాటలకేటి లోటు? నోట్లో ఇంకా బోల్డున్నాయి. యంత్రం బతికున్నాదా లేదా, అది సెప్పు."

యంత్రం బతికే ఉంది. నేను ఏడవలేదని కూడా ఇక్కడ రాస్తున్నాను. నాకు కోపం వచ్చింది. ఈ కాగితం అంటిస్తే డిస్కులు పగులుతాయి, అంటించకపోతే వాళ్ళు వచ్చి పగలగొడతారు. ఎటు తిరిగినా పొడే. ఆ సంగతి వివరంగా రాసి, ఉబ్బిన కాగితం ముక్కతో సహా నీళ్ళ పడవలో ఒడ్డుకి పంపాను.

షష్ఠి

ఒడ్డు నుంచి జవాబు వచ్చింది. "కాగితాలను పొడి ప్రదేశంలో వాడవలెను." సముద్రం మీద పొడి ప్రదేశం ఎక్కడుందో రాయలేదు.

తాతీలు మావ నిన్న ఇనుము మీద గుర్తులు పెట్టే మార్కర్ తెచ్చి ఇచ్చాడు. దాని మూత తీస్తే గదంతా ఘాటు. ఈసారి కాకుల కూతలు కాల్చిన డిస్కు మీద రాశాను. రాసిన రోజు బాగానే కూశాయి. ఈ వేళ పెడితే సగం కూతలో కాకికి నత్తి వచ్చింది.

అందరం మెరిసే వైపు గీత పడకుండా పట్టుకుంటాం, రెండో వైపు ఏం చేసినా పర్వాలేదనుకుంటాం. అసలు సంగతి తలకిందులు. గొంతు ఉండేది మనం రాసే వైపున, పలచటి చర్మం కిందే. మార్కర్ ఘాటు ఆ చర్మాన్ని తినేసింది.

నేను దాలమ్మత్త డిస్కు మీద మొదట మార్కరే వాడదామనుకున్నాను. చేయి ఎందుకాగిందో నాకు తెలియదు. 

అష్టమి

ఎండు చేపల తాళ్ళకి మేం పాడైన డిస్కులు కట్టి వేలాడదీస్తాం. ఎండకి మెరుస్తుంటే కాకులు దిగవు. ఈ వేళ తాళ్ళు తిప్పుతుంటే ఒకటి నా నుదుటికి తగిలింది. చాలా పాతది. వెండిరంగు చర్మం అంతా పొక్కులు లేచి ఊడిపోయింది. కానీ నడిమి చిల్లు చుట్టూ ఒక వేలెడు వెడల్పు లేని వలయం ఉంటుంది, అద్దంలా అవతలి వైపు కనపడుతూ. అది మాత్రం కొత్తదానిలా ఉంది. వెండి చర్మం అక్కడిదాకా రానే రాదు. అంటే అక్కడ గొంతు లేదు. అక్కడ గీస్తే ఎవరికీ నొప్పి లేదు.

తట్ట అక్కడే వదిలేసి పరిగెత్తాను. అమ్మ వెనక నుంచి, "చేపలు కాకులకి పెట్టి ఎక్కడికే" అంటూనే ఉంది.

సూదితో ఆ వలయంలో సన్నగా గీశాను. గీతల్లోకి దీపం మసి పామి, గుడ్డతో పైపైన తుడిచాను. నల్లగా, ముద్దుగా అక్షరాలు నిలబడ్డాయి. నీళ్ళలో ముంచాను, పోలేదు. యంత్రంలో పెట్టాను, డిస్కు కులాసాగా తిరిగింది. మన అక్షరాలు గుండ్రంగా ఉంటాయి కదా, ఆ వంపులో ఎంత ఒద్దికగా కూర్చున్నాయో. తలకట్లన్నీ బయటి అంచుకి, ఒత్తులన్నీ చిల్లు వైపుకి.

కష్టమల్లా చోటు. పది అక్షరాలు పడతాయి. గట్టిగా ఒదిగితే పన్నెండు.

దశమి

పది అక్షరాల్లో, పేరు రాయకుండా, ఒక మనిషి. టీచరు ఓడంతా చాటించింది. ఎవరి డిస్కుకి వాళ్ళే మాట తెచ్చుకోవాలి. పొద్దుటి నుంచి యంత్రం గది ముందు జనం.

వంటగది వరస నుంచి అప్పాయమ్మ పిన్ని వచ్చింది. "మా అత్త డిస్కు మీద 'మహా ఇల్లాలు' అని రాయి" అంది.

వెనక నించున్న వాళ్ళాయన, "ఆవిడ జన్మలో కూరలో ఉప్పేసిందా?" అన్నాడు.

"మీ అమ్మే కదా."

"మా అమ్మే. అందుకే సెప్తన్నాను. మహా ఇల్లాలంటే ఎవులికి తెలుస్తాది? ఉప్పు మరిచేదంటే ఓడంతా సెప్తారు."

ఇద్దరూ కాసేపు తగువాడుకుని, ఇద్దరూ నవ్వి, 'ఉప్పు మరిచేది' రాయించుకున్నారు. ఆ తరవాత అందరికీ దారి తెలిసింది. 'తలుపు తట్టనిది.' 'ముడి తప్పేసే తాత.' తాతీలు మావ ఆలోచించనే లేదు. "పొద్దున దగ్గేవోడు" అని చెప్పి, నేను గీస్తున్నంతసేపూ అక్షరాలు వంకరపోకుండా దీపం పట్టుకున్నాడు.

నిఘంటువులో ఉన్న మాటలే గొప్పవని నేను అనుకునేదాన్ని. ఇవాళ విన్నవి ఏ పుటలోనూ లేవు.

ద్వాదశి

దాలమ్మత్త రాలేదు. నేనే వెళ్ళాను. వల బాగుచేస్తోంది. ముందు రోజంతా కూర్చుని నేను తయారుచేసిన మాటలు వినిపించాను. 'వెన్నెల నవ్వు.' 'సాగర పుత్రిక.' 'ధీర.' నాకు చాలా బాగున్నాయి.

అత్త చేతిలో పని ఆపకుండా విన్నది.

"ఎవుల్దే ఈ పిల్ల?" అంది.

"అత్తా, మన..."

"మనది కాదు. నాను కన్నది కాదు. ఎవులో బొమ్మలోని పిల్ల. మా గుంట నవ్వితే వెన్నెలేటే, పళ్ళు ఎత్తుగుండేవి కదా."

నాకు మొహం కాలినట్టయింది. అప్పటికే అక్కడ కూర్చుని ఉన్న తాతీలు మావ గొంతు తగ్గించి, "రాయకపోతే మానీ, దాలమ్మా. ఆ ఒక్కటీ ఇంజను గదిలో దాసేత్తాను. ఆళ్ళకి దొరకదు" అన్నాడు.

అత్త సూది ఆపింది.

"నా కూతురు దొంగసొత్తా తాతీలూ? మందులట్టుకుని అందరూ సూత్తండగా ఎల్లినాది. దాన్ని నాను నూనె డబ్బాల ఎనకాల దాయాలా? అందరితోటే ఉంటాది. అందరి ముందరే ఉంటాది."

"మరి ఏం రాయమంటావు అత్తా?"

"తెలీదే. తెలిసినప్పుడు వత్తాను."

చతుర్దశి

డిస్కులన్నీ అయిపోయాయి, ఒక్కటి తప్ప. రేపే తనిఖీ. గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను. అన్నాల వేళ దాటాక దాలమ్మత్త వచ్చింది. చెయ్యి కూడా సరిగా కడుక్కోలేదు.

"ఇప్పుడు రెండు కంచాలు పెట్టేసినానే" అంది. "పెట్టేసి, అలవాటుగా పిలిసినాను. పిలిస్తే ఏటనేది అది?"

నాకూ తెలుసు. వరసలో అందరికీ తెలుసు. ఆ ఇంట్లో రోజూ అదే గొడవ. అమ్మ అన్నానికి పిలుస్తుంది, కూతురు "వత్తన్నా" అంటుంది. అన్నం చల్లారుతుంది. మళ్ళీ కేక, మళ్ళీ "వత్తన్నా". మనిషి మాత్రం యంత్రం దగ్గర నుంచి కదలదు.

"రాయి" అంది అత్త. "వత్తన్నా అని రానిది."

లెక్క పెట్టుకోలేదు, చోటు సరిపోయింది.  మసి పాముతున్నప్పుడు అత్త డిస్కును రెండు అరచేతుల మధ్య నిలబెట్టి పట్టుకుంది. తరవాత అక్షరాల మీద వేలు పెట్టి చుట్టూ తిప్పింది. తనకి చదువు రాదు. "ఇదేనా?" అని ఒక్కసారి అడిగింది. ఇదే అన్నాను.

పున్నమి

పోటు మీద తనిఖీ పడవ వచ్చింది. అధికారి పేరు పరాంకుశం. చెడ్డవాడిలా లేడు. ఎక్కగానే ఎండకి తల తిరిగితే, అప్పాయమ్మ పిన్ని ఇచ్చిన మజ్జిగ తాగాడు. ఇద్దరు మనుషులు పిండి చేసే యంత్రాన్ని మోసుకొచ్చి ఓడ అంచున బిగించారు. ఒక వైపు డిస్కు పెడితే, రెండో వైపు గొట్టంలోంచి పొడి సముద్రంలోకి పోతుంది.

డిస్కులన్నీ చాప మీద పరిచాం. ఆయన ఒకటి తీసి వెలుతురుకి పట్టి చూశాడు.

"అంకె ఏదమ్మా?"

"అంకె అంటిస్తే పగులుతుందండీ. ముందే రాసి పంపాను."

"ఈ రాతలేమిటి? ఎవరివో ఎలా తెలుస్తుంది?"

"మాకు తెలుస్తుందండీ."

"మీకు తెలిస్తే చాలదు, ఒడ్డుకి తెలియాలి. ఇప్పుడైనా కాగితాలు అంటించండి. గంట టైమిస్తాను. అంటించేస్తే ఒక్కటీ ముట్టుకోను."

ఓడ మీద అందరూ నా వైపు చూశారు. చుట్ట అక్కడే ఉంది. ఆయన మాట నిలబెట్టుకుంటాడని కూడా నాకు అనిపించింది. అంటించేస్తే ఈ వేళకి అన్నీ బతుకుతాయి, విన్న రోజున ఒక్కొక్కటే చస్తాయి. ఎన్నో రోజులుగా నోట్లో నానుతున్న మాట బయటికి వచ్చింది.

"ససేమిరా అంటించమండీ."

ఆయన నిట్టూర్చాడు. యంత్రం తిప్పమని చెప్పాడు. అప్పుడు తాతీలు మావ లేచాడు.

"బాబూ, ఓడ అంచు దాటి ఏటి పడినా ముందుగాల అదేటో కేకెయ్యాల. కింద పడవల్లో మనుసులుంటారు. ఆ రూలు మాది కాదు, ఒడ్డుదే. అదిగో, రాసి కొట్టినారు."

నిజమే. అంచు దగ్గర పలక మీద ఎర్ర అక్షరాలతో ఉంది. బూడిద పారబోసినా, బక్కెట్టు నీళ్ళు పోసినా "బూడిదా", "నీళ్ళూ" అని అరిచి పోస్తాం. పరాంకుశం పలక చూశాడు, కింద కట్టి ఉన్న పడవల్ని చూశాడు.

"సరే. ఏమని అరవాలి?"

"దాని మీద ఏటి రాసుంటే అదే" అన్నాడు మావ. "ఇంకేటి అన్నా అబద్ధమే కదా."

ఆయన మొదటిది తీశాడు. గొంతు సవరించుకున్నాడు. "పొద్దున దగ్గేవోడూ."

"మా నాన్న" అన్నాడు తాతీలు మావ.

కింద పడవల్లోంచి ఎవరో, "అయ్యో, పెద్దాయనా" అన్నారు. యంత్రం గిర్రుమంది. గొట్టంలోంచి వెండి పొడి రాలింది. మావ కదలలేదు. రెప్ప వేయకుండా ఆ పొడి నీళ్ళ మీద తేలినంతసేపూ చూశాడు. నేను మాత్రం చూడలేకపోయాను.

రెండోది తీసి, "ఉప్పు మరిచేదీ" అన్నాడు. ఈసారి జవాబు పది చోట్ల నుంచి ఒకేసారి వచ్చింది. వరస పేర్లు వేరు, మనిషి ఒకరే. అత్త, పెద్దమ్మ, వదిన, మామ్మ. ఎవరో నవ్వారు. నవ్వుతూనే ఎవరో ఏడ్చారు. పరాంకుశం దాన్ని యంత్రంలో పెట్టకుండా, ఎవరికీ తెలియనిదాన్ని వెతుకుతున్నట్టుగా పక్కన పెట్టి ఇంకోటి తీశాడు.

"వత్తన్నా అని రానిదీ."

ఎవరూ పలకలేదు. కింద పడవలు కూడా పలకలేదు. వరస పెట్టి పిలవడానికి తను పెద్దది కాదు, అందరూ పేరుతోనే పిలిచేవాళ్ళు; ఆ పేరు ఒడ్డు మనిషి ముందు ఎవరూ ఎత్తరు.

"ఇదెవరిది? చూశారా, మీకూ తెలియదు" అన్నాడు ఆయన.

అప్పుడు అందరూ ఒక్కసారే తలలు తిప్పి దాలమ్మత్త వైపు చూశారు. ఆయనా చూశాడు. అత్త చాప అంచున గొంతుక్కూర్చుని ఉంది. లేవలేదు, చేతులు జోడించలేదు.

"మళ్ళీ పిలు బాబూ" అంది. "ఒక్క పిలుపుకి రాదది. గట్టిగా పిలు. నీ గొంతుకైనా వత్తాదేమో సూద్దుము."

ఆయన నోరు తెరిచాడు. డిస్కు వైపు చూశాడు, సముద్రం వైపు చూశాడు. రూలు ప్రకారం కేక వేయకుండా పారేయకూడదు. ఒకసారి వేశానని అనొచ్చు. అనలేదు. యంత్రం తిప్పే మనిషి అప్పటికే పిడి మీద నుంచి చెయ్యి తీసేశాడు.

"పోటు తీసేస్తోంది. సామాను సర్దండి" అన్నాడు పరాంకుశం. డిస్కును తెచ్చి అత్త చేతికే ఇచ్చాడు. నా వైపు తిరిగి, "పైకి రాస్తాను. ఊరుకుంటారని మాత్రం అనుకోకు" అన్నాడు.

"అనుకోవడం లేదండీ" అన్నాను.

బహుళ తదియ

ఒడ్డు నుంచి ఇంకా ఏమీ రాలేదు. వచ్చే పున్నమికి ఇంకో అధికారి రావచ్చు, మజ్జిగ తాగనివాడు. వచ్చి ముందు రూలు పలక పీకించేయనూ వచ్చు. వస్తే డిస్కులు మళ్ళీ అదే చాప మీద, అందరి ముందరే ఉంటాయి. ఓడంతా కూర్చుని తీర్మానించుకున్నాం. దాలమ్మత్త మొదట చెయ్యెత్తింది. వచ్చినవాడికి మజ్జిగ తాగించే సంగతి అప్పాయమ్మ పిన్ని చూసుకుంటానంది.

పక్క ఓడల వాళ్ళు పడవల్లో డిస్కులు తెస్తున్నారు. సూదులు చాలక నా ఈడు వాళ్ళ చేత కూడా గీయిస్తున్నాను. మాట తెచ్చుకోకుండా ఒట్టి డిస్కు తెచ్చినవాళ్ళను వెనక్కి పంపుతున్నాను.

ఈ సాయంత్రం తాతీలు మావ ఒక ఖాళీ డిస్కు పట్టుకుని వచ్చాడు. యంత్రం పెట్టమన్నాడు. మైకు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కళ్ళు మూసుకుని, ఛాతీ నిండా గాలి పీల్చి దగ్గాడు. ఆగి, తల అడ్డంగా ఊపి మళ్ళీ దగ్గాడు. మూడోసారికి గుమ్మంలో నించున్న జనం సర్దుకుని నిలబడ్డారు. అది అచ్చం ఆ పెద్దాయన దగ్గు. దగ్గు మధ్యలో ఆయన రోజూ అడిగే మాటలు, గాలి ఎటు తిరిగింది, వల ఎండిందా, గుంటలు తిన్నారా, అన్నీ వచ్చాయి. డిస్కు నిండేదాకా మావ ఆపలేదు.

కాలడం అయ్యాక డిస్కు తీసి నడుమ ఏం గీయమంటావని అడిగాను. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, అవి దగ్గు వల్ల వచ్చినవే అన్నట్టు గొంతు గీరుకుంటూ చెప్పాడు.

"మళ్ళీ దగ్గినోడు."